అద్దం లేచిన క్షణం

నర్సమ్మకి,

ఇక్కడ నేనూ నీ తమ్ముడూ ప్రాణాలతో ఉన్నాం, వేళకి తింటున్నాం. ఈ వాక్యం ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాతే కిందికి రా. మీ సొరంగం క్యాంపులో దుమ్ము తగ్గిందనీ, దాంతోపాటు నీ దగ్గూ తగ్గిందనీ రాశావు. దుమ్ము సంగతి నమ్మాను గానీ దగ్గు సంగతి నమ్మలేదు. ఇంట్లో ఉన్నప్పుడే జ్వరం వస్తే థర్మామీటరు దాచేసే మనిషివి. ఫోను అందని చోట ఉన్నావు కదా అని ధైర్యంగా అబద్ధాలు రాయకు. ఆ మాట అనే హక్కు ఈసారి నాకు లేదనుకో.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింట్లో సింకు కింద కారడం ఆగింది. నేనే ఆపానని రాద్దామనుకున్నాను, కానీ నువ్వు చదివి నవ్వుతావు. కింది వాటావాళ్లు ప్లంబరుని పిలిస్తే అతన్నే మెట్లెక్కించి తీసుకొచ్చాను. కిటికీలో నీ మొక్క బతికే ఉంది. ఆకులు మాత్రం నా మీద అలిగినట్టు తలలు వేలాడేశాయి.

కెమెరా కొన్నావా, లేక ఇంకా కొట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నావా అని అడిగావు. తిరగడం అయిపోయింది, కొన్నాను. పాత కార్ల యార్డులో వాళ్ల డొక్కు కెమెరాతో అమ్మకపు బండ్లను తీసీ తీసీ విసిగిపోయానని నీకు తెలుసు. నిలబడిన కారుని తీయడం తప్ప ఏమీ రానివాడు ఫొటోగ్రాఫరెలా అవుతాడని నువ్వే ఏడిపించేదానివి. కార్ల పత్రికవాళ్లు ఈ ఏడు కొండరోడ్డు రేసు ఫొటోల్లో మంచిది ముఖచిత్రంగా వేస్తామన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు.

“పెద్ద సెన్సరు ఉన్నది తీసుకోండి సార్, చేతిలో పట్టుకుంటేనే గౌరవం” అన్నాడు కొట్టాయన.

“గౌరవం సంగతి మా ఆవిడ చూసుకుంటుంది. నాకు పరుగెత్తే కారు చిక్కితే చాలు” అన్నాను.

చివరికి చిన్న సెన్సరు ఉన్నదే తీసుకున్నాను. అదే లెన్సు దీనికి తగిలిస్తే దూరాన ఉన్నది ఇంకా దగ్గరికొస్తుంది, గబగబా వరస ఫొటోలు కూడా తీస్తుంది. యార్డు పనికి యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒకటి. వెడల్పు లెన్సు వద్దనుకున్నాను, దాంతో దగ్గరికెళ్లి తీస్తే కారు ముక్కు గుమ్మడికాయలా ఉబ్బుతుంది. రేసుకి మాత్రం మూడువందల దాకా లాగే జూము. దూరం నుంచి తీసే లెన్సే కొను, బండి దారికి అడ్డం పోకు అని నువ్వు రాసిన మాట కొట్టాయనకి చదివి వినిపించాను కూడా. లెన్సు ముందు బిగించే నల్ల ఫిల్టరు ఇంకొకటి తీసుకున్నాను. దాన్ని తగినట్టు తిప్పితే కారు ముందద్దం మీద ఆకాశం తళతళ పోయి, లోపలున్న మనిషి ముఖం కనిపిస్తుంది.

అద్దం లేని కెమెరాలు వచ్చాక అద్దం ఉన్నది ఎందుకు అని కూడా అడిగావు. నా కంటికి అసలు వెలుతురే తగలాలి, తెర మీది బొమ్మ కాదు. అందుకు. ఇందులో ఒక్కటే చిక్కు. బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ రెప్పపాటు మన కంటికి చీకటి. “ఫొటోలో పడిన క్షణాన్ని తీసినవాడు మాత్రం చూడడు సార్” అని కొట్టాయన నవ్వుతూ చెప్పాడు. ఆ మాట నాకు ఎంత పనికొస్తుందో అప్పటికి తెలియదు.

ఇక నువ్వు చివర్లో అడిగింది. తమ్ముడు నా ఉత్తరాలకి ఎందుకు జవాబు రాయడం లేదు, నా మీద కోపమా అన్నావు. కోపం నీ మీద కాదు. వాడి కుడిచేతికి కట్టు వేశారు. మోచేతి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. పక్కటెముకలు బీటలిచ్చాయి. తలకి ఏమీ కాలేదు, స్కాను తీసి చూశారు. ఊపిరి బాగా పీలుస్తున్నాడు, వేళ్లు కదుపుతున్నాడు. నువ్వు నర్సువి కాబట్టి ముందు ఇవి రాశాను. జరిగింది ఇప్పుడు రాస్తాను. కూర్చుని చదువు.

ఆ కొండరోడ్డు రేసులో ఈసారి వాడూ కారు నడిపాడు. రేసు రోజు పొద్దున్నే వాడి కారుకి చక్రాలు బిగించింది పానా. వాడి చిన్ననాటి స్నేహితుడు, చేతిలో పానా లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు. కార్లు ఒక్కొక్కటే కొండ ఎక్కుతాయి. పై మలుపుకి కాస్త ముందు, రాతిగోడ వెనక మోకాళ్ల మీద కూర్చున్నాను. నాకు నాలుగడుగుల్లో జెండా పెద్దాయన. రిటైరైన బస్సు డ్రైవరు, ప్రతి రేసుకీ వస్తాడు. రోడ్డు మీద ఏ తేడా వచ్చినా ఎర్రజెండా ఎత్తడం ఆయన పని. ఎత్తితే డ్రైవరు వెంటనే బ్రేకు వేయాలి.

వాడి కారు చెట్ల నీడలోంచి బయటికొచ్చేసరికి, ఆయన వెనక్కి తిరిగి, ముందు వెళ్లిన కారు లేపిన దుమ్ము తగ్గిందా లేదా అని చూస్తున్నాడు. నేను బటన్ నొక్కి పట్టుకున్నాను. కారు నా మీదికే వస్తున్నట్టు వచ్చి, పక్కనుంచి దూసుకుపోయింది. మలుపులో ముందువైపు ఎడమ చక్రం ఊడింది. కారు అడ్డంగా జారి, టైర్ల గుట్టని గుద్ది, పల్టీకొట్టి కుడివైపున్న బండరాళ్ల మీద బోర్లా పడింది. చక్రం లోయలోకి దొర్లిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. నేను కెమెరా ఎక్కడ పడేశానో అప్పుడు తెలియదు, తర్వాత గోడ పక్కనే దొరికింది. వెళ్లేసరికి వాడు బెల్టుకి తలకిందులుగా వేలాడుతూ “బావా, చెయ్యి, చెయ్యి” అంటున్నాడు. ఆ గొంతు నీకు రాయలేను.

ఆస్పత్రి వరండాలో జెండా పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“నేను అటు తిరగకుండా ఉండాల్సింది. నువ్వు కళ్లప్పగించి చూస్తున్నావుగా బాబూ, నీకేమైనా కనిపించిందా?” అన్నాడు.

“ఈ కెమెరాలో ఫొటో పడేటప్పుడు అద్దం లేస్తుందండీ. కంటికి ఏమీ కనిపించదు” అని ఆయన భుజం తట్టాను.

ఆయన తలూపాడు. రేసు కమిటీవాళ్లు అడిగినప్పుడూ అదే చెప్పాను. ఫొటోలు ఇమ్మంటే ఆఖరిది ఒక్కటే ఇచ్చాను. అందులో చక్రం వాలిందన్నది తెలుస్తుంది గానీ దుమ్ము వల్ల ఎందుకు వాలిందో తెలియదు. కారు ముందుభాగం రాళ్లకి నుజ్జయింది కాబట్టి అక్కడా ఏమీ తేలలేదు. చక్రం ఊడితే బిగించినవాణ్నే అంటారు. పానా నట్లు సరిగ్గా బిగించలేదన్నారు. ఏ జట్టూ అతన్ని దగ్గరికి రానివ్వలేదు. నీ తమ్ముడైతే “వాడి మొహం నాకు చూపించకండి” అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం పానా మన గుమ్మం ముందుకొచ్చి చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

“లోపలికి రా” అన్నాను.

“వద్దన్నా. వాడు పడుకున్నాడా?”

“పడుకున్నాడు.”

“నేను బిగించానన్నా. బిగించి మళ్లీ చూసుకున్నాను. కానీ ఇంతమంది ఇన్నిసార్లు అడిగేసరికి నాకే అనుమానమొస్తోంది, నిజంగా బిగించానా లేదా అని.”

తన చేతుల వంక చూసుకుంటూ అన్నాడు ఆ మాట. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నర్సమ్మా, నేను చెప్పింది అబద్ధం. అద్దం లేచినప్పుడు కన్ను చీకటి అన్నది నిజమే. కానీ ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య అది కిందికి దిగుతుంది. ఆ మధ్య మధ్య నేను చూశాను. మొదట కారు కింద ఏదో ఇనుము విరిగి రోడ్డుకి రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. తర్వాత చక్రం తల లోపలికి వాల్చడం మొదలుపెట్టింది. ఫిల్టరు సరిగ్గా తిప్పి ఉంది కాబట్టి కారు అద్దం వెనక వాడి ముఖం కూడా కనిపించింది. వాడికి ఇంకా ఏమీ తెలియదు. పెదవులు కదులుతున్నాయి, ఏదో పాడుకుంటున్నాడు. అరవాలి, పెద్దాయన ఇక్కడే ఉన్నాడు, ఒక్క కేక చాలు అనిపించింది. అదే క్షణంలో ఇలాంటి ఫొటో మళ్లీ జన్మలో దొరకదని కూడా అనిపించింది. నేను బటన్ మీది వేలు తీయలేదు. భయపడి కొయ్యబారిపోయానని నీకు రాయవచ్చు. భయం కాదు. ఆశ.

ఎర్రజెండా లేచి ఉంటే వాడు మలుపుకి ముందే ఆగేవాడేమో. ఆగబోయినా చక్రం ఊడేదేమో. అది నాకు తెలియదు. అమ్మ పోయాక వాణ్ని చంకనేసుకుని తిరిగినదానివి నువ్వు. నేను అరవలేదన్నది ఒక్కటే నీకు చెప్పగలను.

పానా వచ్చి వెళ్లిన మర్నాడు ఫొటోలన్నీ కంప్యూటరులో పెట్టి నీ తమ్ముణ్ని పిలిచాను. దిండుకి ఆనుకుని కూర్చుని ఎడమచేత్తో ఒక్కొక్కటే తిప్పాడు. మధ్యలో ఆగాడు. ఒకటి వెనక్కి వెళ్లాడు.

“ఇది ముందే విరిగింది. నట్లు కాదు” అన్నాడు.

“కాదు.”

“మరి కమిటీకి ఒక్కటే ఇచ్చావేం?”

వాడు మళ్లీ ఫొటోల వంక చూశాడు. నిప్పురవ్వలు, ఆ తర్వాతది, ఆ తర్వాతది. వాడికి అర్థమవుతున్న కొద్దీ ముఖంలో రంగు దిగిపోవడం చూశాను.

“ఇక్కడే చూశావు కదూ బావా?”

“చూశాను.”

“ఎందుకు అరవలేదు?”

“ఫొటో బాగా వస్తోందని.”

వాడు తిడతాడనుకున్నాను. లేచి గోడ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, తలుపు వేసుకున్నాడు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక కూడా నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పాడు: “అన్నీ తీసుకెళ్లి ఇచ్చెయ్. ఒక్కటి కూడా తగ్గకూడదు.”

ఇచ్చాను. అందరి ముందూ నిలబడి, ఆస్పత్రిలో చెప్పింది అబద్ధమని చెప్పాను. జెండా పెద్దాయన కూడా ఉన్నాడు. నావైపు చూసి, “నా మీద జాలి కూడా పడ్డావుగా బాబూ” అని వెళ్లిపోయాడు. కారు కింద చక్రాన్ని పట్టి ఉంచే ఇనపచేయి పరుగులోనే విరిగిందనీ, పానా తప్పేమీ లేదనీ కమిటీ రాసిచ్చింది. పానా మళ్లీ పనిలో చేరాడు. నీ తమ్ముడు అతన్ని పిలిపించి, అతని ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పత్రికవాళ్లకి ఫొటో పంపలేదు. పంపలేదని గొప్పగా రాయడం లేదు, ఊరికే చెబుతున్నాను.

వాడు ఇంట్లోనే ఉన్నాడు. రోజూ చొక్కా తొడుగుతాను, బొత్తాలు పెడతాను, అన్నం కలిపిస్తాను. చెయ్యి ఇస్తాడు, మాట ఇవ్వడు. మొన్న ఒక్కసారి నోరు విప్పాడు.

“అక్కకి చెప్పావా?”

“ఇంకా లేదు.”

“నేను రాయను. ఎడమచేత్తో కూడా రాయను. నువ్వే రాయి, ఏదీ దాచకుండా రాయి.” మళ్లీ తనే, “ఆ పాడుతున్న ఫొటో పెద్దదిగా వేయించు” అన్నాడు.

“ఎందుకురా? ఎక్కడ పెడతావు?”

“హాల్లో. అందులో నేను బాగున్నాను. నువ్వు కూడా చూడాలి కదా.”

వేయించాను. ఈ పొద్దున వాడు కుర్చీ పక్కన నిలబడి ఎత్తు చూస్తుంటే నేనే మేకు కొట్టాను. ఇంకాస్త కిందికి అన్నాడు. నా కళ్లకి ఎదురుగా వచ్చేదాకా దించాను. చాలన్నాడు.

నీ సెలవు దొరికి నువ్వు వచ్చేసరికి అది అక్కడే ఉంటుంది. తలుపు తీయగానే ముందు అదే కనిపిస్తుంది, నేను ఆ తర్వాత కనిపిస్తాను. చూశాక ఏమనాలనిపిస్తే అది అను. ఏమీ అనాలనిపించకపోతే నీ తమ్ముడి బొత్తాలు నువ్వు పెట్టు, నేను పక్కకి జరుగుతాను. దగ్గు మందు మానకు.

ఇట్లు,
ఏ జవాబు వచ్చినా విప్పి చదవడానికి సిద్ధంగా ఉన్న
మీ ఆయన