తోక బండి మాస్టారు

ప్రియమైన అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఆయన మాతో ఉండగా ఈ క్షేమం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను.

బావని నా టూరులో ఎక్కిస్తున్నానని నువ్వన్నప్పుడే నా గుండెల్లో రాయి పడింది. డ్రైవింగ్ స్కూలు మూసేసిన దగ్గర్నుంచీ మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటున్నాడనీ, మోటారు సైకిలు మీద మంచుకొండలు చుట్టి వస్తే మనసు కుదుటపడుతుందనీ అన్నావు. ఆయన మనసు కుదుటపడింది. మా మనసులే చెదిరిపోయాయి. ఆఫీసులో కూర్చుని సీట్లు నింపేది నువ్వు, కొండెక్కించి దింపేది నేను. ఇందులో ఎవరి పాపం ఎవరు మోస్తున్నారో ఒకసారి ఆలోచించు.

నిన్న మొదటి కనుమ ఎక్కాం. అక్కడ గాలి పలచన, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఎవరైనా ఏం చేస్తారు? ఫొటోలు దిగి, వేడిగా టీ తాగి, దిగిపోతారు. బావ మడమతో మంచులో పెద్ద ఎనిమిది గీశాడు. గీసి, కాలు కింద పెట్టకుండా దాని మీద బండి తిప్పితే గానీ ఎవరూ కనుమ దిగడానికి వీల్లేదని అడ్డంగా నిలబడ్డాడు. మన గుంపులో పళ్ళ డాక్టరొకాయన ఉన్నాడు కదా, పాపం ఎనిమిదిలో రెండో సున్నా దగ్గర కాలు పెట్టాడు. బావ ఆయన్ని అందరి ముందూ ఫెయిలు చేశాడు. ఆ డాక్టరు అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. నేనేం చేశాను?

ఎదురుగా ఒక్క గొర్రె కూడా లేని రోడ్డు మీద మలుపు మలుపుకీ చెయ్యి చాపి సంజ్ఞ చేస్తాడు. నా వెనకే వస్తూ, దూరం పాటించమని నన్నే కేకలేస్తాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంక నా వల్ల కాదు. రేపు కూరగాయల లారీ ఒకటి కిందికి వెళ్తుంది, అందులో బండితో సహా ఎక్కించి పంపించేస్తానని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "పంపించు. నేను ఇంట్లో ఉంటే మీ అక్కకి ఊపిరాడటం లేదని ఎవరితోనో అంటుంటే విన్నాను. మరి ఎక్కడికి పంపిస్తావో నువ్వే చూడు" అన్నాడు. అని, వెళ్ళి అందరి బళ్ళ నంబరు ప్లేట్లూ తుడిచాడు. నాకు కొంచెం బాధనిపించిన మాట నిజం. అయినా డాక్టరు మొహం చూస్తే ఆ బాధ పోతోంది. ఇక్కడ ఫోను పలకదు. టపా వ్యాను మాత్రం వస్తుంది, కాబట్టి వెంటనే జవాబు రాయి. అది వచ్చేదాకా బావని లారీ ఎక్కించను.

ఇట్లు,
విసిగిపోయిన నీ తమ్ముడు

తా.క. నేను కూడా ఫెయిలే. బయల్దేరే ముందు అద్దం చూసుకోలేదట.

* * *

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం చదివి కడుపునిండా నవ్వుకున్నాను, ఆ తర్వాత ఒళ్ళు మండింది. పట్టుమని నాలుగు రోజులు కాకముందే నీ ప్రాణం విసిగిపోయిందా? నేను ఇన్నేళ్ళనుంచి ఏం చేస్తున్నాననుకున్నావు?

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. స్కూలు మూసేశాక ఆయనకి శిష్యురాలిని నేనొక్కదాన్నే మిగిలాను. వంటింట్లోంచి హాల్లోకి వస్తుంటే మలుపు దగ్గర ఆగి చూసుకోమంటారు. నేను కూర తరుగుతుంటే పక్కన నిలబడి నెమ్మది, నెమ్మది అంటారు. బట్టలారేసి వెనక్కి తిరిగితే, వెనక ఎవరున్నారో చూడకుండా తిరిగావంటారు. ఊపిరాడటం లేదని మా స్నేహితురాలితో అన్నాను, అనలేదని అనను. ఇప్పుడు ఇంట్లో గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎంత హాయిగా ఉందో! లారీ ఎక్కించావో, మళ్ళీ అదే లారీలో నీ దగ్గరికే పంపిస్తాను.

రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరిస్తే ఎలా? ఆయనతో నెగ్గుకురావాలంటే ఒక్కటే దారి. పెత్తనం ఇవ్వకు, రూలు ఇవ్వు. మన టూరులో అందరి వెనకా నడిచే తోక బండి ఒకటుంటుంది కదా, దాని పని అప్పగించు. అందరికంటే వెనకున్న మనిషిని వదలకూడదు, ఇదీ రూలు. ఈ ఒక్క ముక్కే చెప్పు, ఇంకో మాట కలపకు. మాటలు ఎక్కువైతే అందులో తప్పులు దిద్దుతారు. వెనక ఉంటారు కాబట్టి ఆయన కేకలు నీకు వినిపించవు. డాక్టరుగారికి వినిపిస్తే వినిపించనీ.

మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కో. నేను అడిగానని చెప్పకు.

ఇట్లు,
మీ అక్క

తా.క. డాక్టరుగారిని బాధపడొద్దని చెప్పు. నన్ను పెళ్ళైన కొత్తలో ఫెయిలు చేశారు. ఇప్పటిదాకా పాసు కాలేదు.

* * *

ప్రియమైన అక్కకు,

నమస్కారం. నీ ఉత్తరం అందగానే నువ్వు చెప్పిన రూలు బావకి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. నీ బుర్రే బుర్ర. ఆయన నారింజ రంగు కోటు గుండీలన్నీ పెట్టుకుని, హెల్మెట్టు సరిచేసుకుని, అందరూ కదిలాక కదిలాడు. ఆ పూట నా చెవులకి పండగ అయినట్టుంది. గాలి చప్పుడు విన్నాను. పళ్ళ డాక్టరు కూడా ఒకసారి నవ్వాడు, పళ్ళు చాలా బాగున్నాయి.

బావ తన పని శ్రద్ధగా చేస్తున్నాడనే చెప్పాలి. బాగా వెనక ఉంటున్నాడు. చాలా బాగా వెనక ఉంటున్నాడు. రెండో కనుమ కింద రోడ్డు చీలిన చోట పొగమంచు పట్టింది, ఆ తర్వాత నుంచీ ఆయన ఎంత వెనక ఉంటున్నాడంటే కంటికి ఆనడం లేదు. నువ్వేమీ కంగారు పడకు. కంగారు పడాల్సినంత సంగతి ఏదైనా ఉంటే నేను రాయనా?

మేము ఆఖరి కనుమ కింద సత్రంలో దిగాం. ఇక్కడ కొంచెం ఎక్కువ రోజులు ఉండాలనుకుంటున్నాం. చోటు బాగుంది. గుంపులో వాళ్ళు ఎందుకు కదలడం లేదని అడుగుతున్నారు, ప్రకృతి చూడండి అని చెబుతున్నాను. మంచు పడేలోపు కనుమ దాటకపోతే దారి మూసుకుపోతుందని సత్రం ఆవిడ అంటోంది. అది వేరే విషయం.

బావ నీకేమైనా ఉత్తరం రాశాడా? ఏ ఊరి నుంచి రాశాడో కవరు మీద ముద్ర చూసి నాకు తెలియజెయ్యి. ఊరికే, ముచ్చటకి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. బావ కోటు రంగు నారింజే కదా? అంత దూరం నుంచి కనపడే రంగేనా అని.

* * *

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వచనాలు, తిట్లూ కూడా. కవర్లు అయిపోయాయి, అందుకని కార్డుల మీద రాస్తున్నాను. ఇది మొదటిది, రెండోది దీని వెనకే ఉంటుంది. దారిలో ఎవరు చదివినా చదవనీ, పోయేది నీ పరువే.

మీ బావ ఉత్తరం వచ్చింది. ముద్ర చెరిగిపోయింది, ఏ ఊరో తెలియదు. ఉత్తరం కాదది, లైసెన్సు పరీక్ష రిపోర్టు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చూడు. "చివరి మనిషిని వదలకుండా వెనకే వెళ్తున్నాను. చెయ్యి సంజ్ఞ బాగా ఇస్తాడు. హారను అవసరానికే వాడతాడు. ప్రతి ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఆగుతాడు. తలుపు తట్టి, సంచిలో చెయ్యి పెడతాడు. కొన్నిచోట్ల కూర్చోబెట్టి తిండి పెడతారు, నాకూ పెడతారు. వెనక బ్రేకు బాగాలేదు."

ఒరే, నీకు సిగ్గుందా? డబ్బు కట్టి వచ్చిన మనుషుల్ని తిండి పెట్టకుండా ఇల్లిల్లూ తిప్పుతున్నావా? సంచి పట్టుకుని అడుక్కునే స్థితికి తెచ్చావా? ఎవరా మనిషి, డాక్టరుగారా? అంత చదువుకున్నాయన చేత భుజానికి సంచి తగిలించి అడుక్కునేలా చేసి, నువ్వు సత్రంలో కూర్చుని ప్రకృతి చూస్తున్నావా? పైగా బ్రేకు బాగాలేని బండి ఇచ్చావు. ఆఫీసు మూసి నేను కూడా ఒక సంచి కుట్టించుకుంటాను.

ఇంకో మాట. పక్కింటాయన కారు వెనక్కి తీస్తూ మన గేటుకి కొట్టాడు. మీ బావ ఉన్నన్నాళ్ళూ రోజూ వీధిలో నిలబడి రానీ, రానీ, ఆపు అనేవారు. మనమంతా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు గేటు కుడి రెక్క ఒక్క బందు మీద వేలాడుతోంది. గడియారం చప్పుడు హాయిగా ఉందని రాశాను కదా, దాన్ని తీసి బీరువాలో పెట్టాను. ఇల్లు బావురుమంటోంది. నిన్న వంటింట్లోంచి హాల్లోకి వస్తూ నాకు నేనే ఆగి చూసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆయన్ని పంపించెయ్. లారీ అయితే లారీ. నేనన్నానని మాత్రం ఆయనకి చెప్పావో, నీ వీపు చీరేస్తాను. తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు.

ఇట్లు,
మీ అక్క

తా.క. కోటు నువ్విచ్చిందే. మనిషి నీ దగ్గర ఉంటే రంగు నన్నెందుకు అడుగుతున్నావు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. ఆయన నీ దగ్గరే ఉన్నారు కదూ?

* * *

ప్రియమైన అక్కకు,

నమస్కారం. బావ నా దగ్గర లేడు. పోయిన ఉత్తరం రాసేటప్పటికే లేడు. ఆ మాట రాయడానికి చెయ్యి రాక, వెనక ఉన్నాడు, వెనక ఉన్నాడు అని రాశాను. తిట్టదలుచుకుంటే ఇక్కడ ఆగి తిట్టి, తర్వాత మిగతాది చదువు.

ఆ చీలిక దగ్గర నేను ఎడమకి తిరిగాను, నా వెనక అందరూ ఎడమకే తిరిగారు. బావ ఒక్కడూ కుడికి వెళ్ళాడు. వెనక్కి వెళ్ళి వెతికాను. పొగమంచులో అరిచి అరిచి గొంతు పోయింది. తర్వాత సత్రంలో కూర్చుని, మా అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని రోజంతా గోడ చూస్తూ ఉండేవాణ్ణి. మంచు మొదలైంది. డాక్టరు మన ఇద్దరి మీదా కేసు వేస్తానన్నాడు. వదిలి కదులుదామంటే కాళ్ళు రాలేదు.

మంచు మొదలైన మర్నాడు పొద్దున సత్రం ముందు రెండు బళ్ళు ఆగాయి. ముందు బండి మీద టపా సంచితో ఒక పెద్దాయన. వెనక, ఉండాల్సినంత దూరంలో, కుడి చెయ్యి పైకెత్తి ఆగుతున్నానని సంజ్ఞ చేస్తూ మీ ఆయన. తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది.

నువ్వు డాక్టరుగారనుకున్న మనిషి ఆ టపా ఆయనే, అక్కా. లోయలో ఊరూరికీ ఉత్తరాలు పంచి, చివరికి ఈ సత్రానికి వస్తాడట. మరి టపా ఆయన అని రాయొచ్చు కదా అని బావని నిలదీశాను. బండి నడిపేవాడి ఉద్యోగంతో తనకి పనేమిటి, నడిపే తీరు కదా చూడాలి అన్నాడు. సరే, మన గుంపు మనిషి కాడని ఎప్పుడు తెలిసిందని అడిగాను. చీలిక దగ్గరే తెలిసిందట. పొగమంచులో మన బళ్ళ వెనకే వచ్చిన టపా ఆయన ఒంటరిగా కుడికి తిరగడం చూసి, తెలిసే తానూ తిరిగాడట. మన గుంపుని వదిలి ఎలా పోయావని కేకలేశాను. ఆయన తాపీగా హెల్మెట్టు తీసి చెప్పాడు.

"అందరికంటే వెనకున్న మనిషిని వదలొద్దన్నావు. మన గుంపులో అని నువ్వనలేదు. ఆ డాక్టరు ముందు మీరంతా ఉన్నారు. ఈయన బండికి బ్రేకు లేదు, వెనక ఎవరూ లేరు. నేనెలాగూ ఇంట్లో అక్కర్లేని మనిషిని, ఇక్కడైనా ఒకరికి పనికొద్దామనుకున్నాను."

దారి పొడుగునా దిగుడు వచ్చినప్పుడల్లా ఆ బండిని వెనక నుంచి తాడుతో పట్టుకుని దింపాడట. ఆ మాట టపా ఆయన చెప్పాడు, బావ చెప్పలేదు. మన మెకానిక్కు ఆ బ్రేకు బాగుచేశాడు. మర్నాడు టపా ఆయన ముందు నడిచి మంచులో దారి చూపించాడు, అందరం కనుమ దాటాం. పైన డాక్టరు తనంతట తానే మంచులో ఎనిమిది గీసి, దాని మీద తిప్పాడు. పాసయ్యాడు.

నీ కార్డులు రెండూ బావే తన చేత్తో నాకిచ్చాడు. టపా సంచి సగం ఆయన బండి మీదే ఉంది మరి. చదివావా అని అడిగాను. టపా మోసేవాడు చదవకూడదు, అది రూలు అన్నాడు. ఒట్టేశాడు కూడా. నేను నమ్మాను. కనుమ దిగాక కనబడిన మొదటి ఇనుప సామాన్ల కొట్టు ముందు బండి ఆపి, గేటుకి బందులు కావాలని అడిగాడు. కుడి రెక్కకి. గేటు సంగతి నేను ఎవరికీ చెప్పలేదక్కా.

నేను ఈ గుంపుని రైలెక్కించి రావాలి. బావ ఆగనంటున్నాడు. జీవితంలో మొదటిసారి టీ తాగకుండా బయల్దేరుతున్నాడు. లారీ ఎక్కించలేదు. ఆయనే నడుపుకుంటూ వస్తాడు కాబట్టి ఆలస్యమవుతుంది, కానీ తప్పకుండా వస్తాడు. ఈ ఉత్తరం ఎలాగూ ఇంటికే కదా, టపాలో వెయ్యడమెందుకని ఆయన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం నీ చేతికిచ్చి గుమ్మం బయట నిలబడ్డ మనిషిని నువ్వింకా లోపలికి పిలిచి ఉండవు, నాకు తెలుసు. పిలు. లోపలికి వచ్చేటప్పుడు చెయ్యి చాపి సంజ్ఞ చేస్తాడు, నవ్వకు.