బామ్మ చావనంది

నన్ను చంపబోతున్న చిరంజీవి తమ్ముడికి,
ఇంకా నిక్షేపంలా ఉన్న అక్క ఆశీస్సులు.

శుక్రవారం నాటకం ప్రతి ఇవాళ రేడియో స్టేషనుకి చేరింది. పదకొండో పేజీలో బామ్మ “ఆ దీపం కాస్త తగ్గించండి” అని తల వాల్చేస్తుందట! పదకొండేళ్లుగా వారం వారం ఆ బామ్మకి గొంతు ఇస్తున్నదాన్ని, నాతో ఒక్క మాట అనక్కర్లేదా? మా నిర్మాత కళ్లజోడు తుడుచుకుంటూ, “మీ తమ్ముడుగారు చావు ఎంత సహజంగా రాశారండీ!” అన్నాడు. మెచ్చుకోవడానికి ఆయనకి వేరే చోటే దొరకలేదు.

కారణం నాకు తెలుసులే. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నేను చేసిన పని మనసులో పెట్టుకున్నావు. అక్క మీద కోపం బామ్మ మీద తీర్చుకుంటావా?

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఆ బల్ల ఊగుతోందనే పెట్టాను. సరిగ్గా ఆ మందం ఉన్నది మీ ఇంట్లో నీ నవల ఒక్కటే.

———

అక్కకి నమస్కారాలు.

ఏ బల్ల? ఏ నవల?

నీ ఉత్తరం చూశాక ఇంట్లో బల్లలన్నిటి కిందా దూరి వెతికాను. వంటింట్లో దొరికింది. నాలుగేళ్లు కూర్చుని రాసిన నవల, బల్లకాలి కింద! నీ మరదల్ని నిలదీస్తే, “కూరగాయలు తరగడానికి ఇప్పుడెంత హాయిగా ఉందో” అంది.

నీ మీద కోపమేమీ లేదు. నీ ఉత్తరం చదివేదాకా లేదు. బామ్మకి వయసైపోయింది, అంతే. మొదలుపెట్టినప్పుడే డెబ్భై తొమ్మిది, ఇప్పుడు తొంభై. మనుషులన్నాక పోతారక్కా. నాటకం నేరుగా ప్రసారమవుతుంది కాబట్టి, దయచేసి రాసింది రాసినట్టు చదువు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: నవల తీసేశాను. బల్ల ఊగుతోంది. నీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది.

———

తమ్ముడికి అక్క దీవెనలు.

శుక్రవారం విన్నావు కదా, నా తప్పేం లేదు. చివరి మాట చెప్పాను, తల వాల్చాను, మనవరాలి వేషం వేసే పిల్ల ఏడుపు అందుకుంది. సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. ఆ పిల్ల హడలిపోయి, “బామ్మా, బతికే ఉన్నావా?” అంది. కాగితంలో లేని మాట! అడిగినప్పుడు బదులివ్వకపోతే మర్యాదగా ఉంటుందా? “ఏడిస్తే ఏడిచావు గానీ, ముందు ముక్కు చీదుకో. రెండు పనులు ఒక్కసారి చేస్తే రెండూ చెడతాయి” అన్నాను. చప్పుళ్లు చేసే పెద్దాయన నవ్వు ఆపుకోలేక, వాన కోసం పట్టుకున్న బఠానీల జల్లెడ వదిలేశాడు. బయట పిడుగు పడ్డట్టు వినిపించిందట.

ఇట్లు,
బతికి బట్టకట్టిన అక్క

తా.క.: సోమవారానికి నూట నలభై ఉత్తరాలు. అందరూ బామ్మ ఒంట్లో ఎలా ఉందనే. రచయిత క్షేమం ఒక్కరూ అడగలేదు.

———

అక్కకి,

రెండో చావు కూడా చెడగొట్టావు! మెట్ల మీద నుంచి పడమని రాస్తే, ధబీమని చప్పుడయ్యాక “పడింది నేను కాదు, బట్టల మూట” అంటావా? నేను రాయని మూట ఎక్కడి నుంచి వచ్చింది?

సరే. వచ్చేవారం బామ్మకి మాట పడిపోతుంది. ఇరవై నిమిషాలూ మూలుగే. ఎలా మాట్లాడతావో నేనూ చూస్తాను.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: పోస్టుమాను కూడా నీ పక్షమే. ఉత్తరం చేతికిస్తూ, “పెద్దావిడని అలా రాచిరంపాన పెడితే మీకేం వస్తుందండీ?” అన్నాడు.

———

తమ్ముడికి,

ఊఁ. ఊఁఊఁ. ఊహూఁ.

ఇట్లు,
అక్క

తా.క.: విన్నావుగా, మూలుగుతూనే అన్నీ చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కోడలికి అర్థమయ్యేలా కూడా. అది సరే, నిజం చెప్పరా. నా గొంతు ముసలిదైపోయిందా? నన్ను తీసేయమని ఎవరైనా అన్నారా?

———

అక్కా,

నీ గొంతుకేం కాలేదు. నా దగ్గరే సరుకు అయిపోయింది.

బామ్మ మాటలన్నీ అమ్మవి. నువ్వు ఎప్పుడో గుర్తుపట్టే ఉంటావు. పదిహేనో ఏట చదువుకని ఇల్లు వదిలినప్పుడు, అమ్మ తిట్లూ ఎత్తిపొడుపులూ గుర్తున్నవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. వారానికి ఒకటీ అరా చొప్పున పదకొండేళ్లు లాక్కొచ్చాను. కిందటి నెలలో ఆఖరి పేజీ అయిపోయింది. తర్వాతవి సొంతంగా కల్పించాను. చదువుకుంటే ఎవరో పరాయి ముసలమ్మ మాట్లాడుతున్నట్టుంది. అమ్మ చేత అబద్ధాలు చెప్పించడం కన్నా గౌరవంగా సాగనంపడమే మేలనుకున్నాను. నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నేను ఏడ్చాను. ఉల్లిపాయలు తరిగానని నీ మరదలితో చెప్పాను. ఇంట్లో ఉల్లిపాయలే లేవంది.

———

ఒట్టి వెర్రిబాగుల తమ్ముడికి అక్క మొట్టికాయలు.

నేను కాగితంలో లేకుండా అన్నవన్నీ ఎక్కడివనుకున్నావు? నాకంత తెలివే ఉంటే నేనే రచయిత్రిని అయ్యేదాన్ని కదా. నువ్వు వెళ్లాక అమ్మ పోయేదాకా ఇరవై రెండేళ్లు నా దగ్గరే ఉంది. అసలు నోరు తెరిచింది అప్పుడే. నువ్వున్నన్నాళ్లూ పిల్లాడు వింటాడని నాలుక అదుపులో పెట్టుకునేదట! మామయ్య కచేరీ విని, “గొంతు బాగుందిరా, పాటకే కుదర్లేదు” అన్న మనిషి. రెండ్రోజులుగా కూర్చుని గుర్తొచ్చినవన్నీ రాస్తున్నాను. ముప్ఫై పేజీలైంది, ఇంకా నా పెళ్లిచూపుల దాకా కూడా రాలేదు. ఎర్రసిరా గీతలు పెట్టినవి మాత్రం నాటకంలో వాడకు, స్టేషను మూయిస్తారు.

ఇట్లు,
అమ్మ పెద్దకూతురు

తా.క.: నీ మొదటి కథ అచ్చయినప్పుడు అమ్మ ఆ పత్రిక చంకలో పెట్టుకుని వీధివీధీ తిరిగింది. “మావాడు ఎంత ముచ్చటగా అబద్ధాలాడతాడో చూడండి!” అని గడపగడపకీ చూపించింది. ఆ మాట మాత్రం ఏ పాత్రకీ ఇవ్వకు. అది నీది.