గుండెకి స్టెబిలైజర్

మార్చి 3, ఉదయం 11
తమ్ముడికి గుండెపోటు. ఎలక్ట్రీషియన్. నొప్పి వచ్చాక నిచ్చెన దిగి, మెయిన్ ఆపి, అప్పుడు కూలబడ్డాడట. పద్ధతి గల మనిషి.

మూసుకుపోయిన నాళం తెరుస్తామన్నారు డాక్టరమ్మ. అయితే ఆగిన రక్తం ఒక్కసారిగా తిరిగొస్తే, ఆ రాకే గుండె కండని దెబ్బతీస్తుందట. దాన్ని తగ్గించే కొత్త మందు పరీక్షలో ఉందట. లాటరీ వేసి కొందరికి మందు, కొందరికి ఉప్పునీళ్ళు. ఎవరికేది పడిందో ఎక్కించే నర్సుకీ తెలియదు. ఒప్పుకుంటారా అన్నారు.

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు, అంత నొప్పిలోనూ, నాకు పాఠం చెప్పాడు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ కాలదక్కా, వచ్చినప్పుడు కాలుతుంది, స్టెబిలైజర్ పెడతామంటున్నారు, పెట్టనీ, అని. సంతకం చేశాడు. సాక్షిగా నేనూ చేశాను.

మధ్యాహ్నం 2
నాళం తెరిచారు, రక్తం మళ్ళీ పారింది. దేవుడున్నాడు.

మార్చి 5
గుండె పంపింగ్ ముప్పై ఐదు శాతమే. మూడు నెలలకి మళ్ళీ స్కాన్. నలభై ఐదు దాటకపోతే ఇక నిచ్చెన ఎక్కకూడదట. వాడు అన్నం లేకుండా ఉండగలడు. నిచ్చెన లేకుండా ఉండలేడు.

పక్క మంచం మీద బస్సు కండక్టరు. ఆయనకీ అదే జబ్బు, అదే పరీక్ష, అదే ముప్పై ఐదు.

మార్చి 6
ఇద్దరిలో ఒకరికే పడుతుందని ఇద్దరి లెక్క. అసలు మందు నాకే పడిందని తమ్ముడు. కాదు నాకే, నాలుక పిడచగట్టుకుపోతోంది, అదే సాక్ష్యమని కండక్టరు. దానికి మందెందుకు, నీలా వాగితే చాలని తమ్ముడు. నీ మొహంలోనే తెలుస్తోంది ఉప్పునీళ్ళని కండక్టరు. రెండు మానిటర్లూ ఒకేసారి కూశాయి. నర్సు పరుగున వచ్చి మధ్యలో కర్టెన్ లాగింది. గోడకే చెవులుంటే కర్టెన్‌కి ఉండవా.

మార్చి 7
మరదలు ఉప్పులేని కూర తెచ్చింది. ఫరవాలేదమ్మా, మీ ఆయనకి నరంలోకే ఎక్కించారుగా ఉప్పు, అంది కర్టెన్ అవతలి గొంతు. తమ్ముడు గిన్నె తోసేశాడు.

మార్చి 8, ఉదయం 6
అసలు మందు తమ్ముడికే పడాలని ప్రార్థించాను. సగంలో ఆగిపోయాను. అంటే పక్కాయనకి ఉప్పునీళ్ళు పడాలనేగా. ఆయన భార్య బయట మెట్ల మీద కూర్చుని అదే దేవుణ్ణి అడుగుతోంది. పైగా మందు ఎక్కించి ఐదు రోజులైంది. అయిపోయినదాని గురించి అడగొచ్చా? దేవుడికి క్యాలెండర్ ఉండదులే అనుకున్నాను. చివరికి, ఇద్దరికీ ఒకటే ఇచ్చి ఉండు తండ్రీ, అని లేచాను.

ఏప్రిల్ 20
పరీక్ష మొత్తం ముగిశాక ఎవరికేం ఇచ్చారో కవర్లో పంపుతారట. ఇద్దరూ నా అడ్రసే రాయించారు. ఒకరినొకరు నమ్మరు. నేను అబద్ధం ఆడనని ఇద్దరికీ నమ్మకం.

ఇళ్ళకి చేరాక సాయంత్రాలు కలిసే నడుస్తున్నారు. ఎవరికి ముందు ఆయాసం వస్తుందో చూడటానికి.

జూన్ 9
తమ్ముడికి నలభై తొమ్మిది. కండక్టరుకి నలభై ఎనిమిది. చూశావా అక్కా స్టెబిలైజర్, అని తమ్ముడు. ఆ ఒక్క శాతం మిషన్ తప్పని కండక్టరు. నాళం వేళకి తెరిచాం, మాత్రలు వేళకి వేసుకున్నారు, నడిచారు, అన్నారు డాక్టరమ్మ. ఎవరూ వినలేదు.

జనవరి 17
కవర్లు వచ్చాయి. తలుపేసుకుని తెరిచాను.

రెండింట్లోనూ ఉప్పునీళ్ళే.

బయట ఇద్దరూ కుర్చీల అంచున కూర్చున్నారు. ఎవరికక్కా అని తమ్ముడు. మొహమాటపడకుండా చెప్పండక్కయ్యా, తట్టుకుంటాడు, అని కండక్టరు.

ఇద్దరికీ ఒకటే, అన్నాను.

ఇద్దరూ లేచి ఒకరినొకరు కావలించుకున్నారు. మనం అసలు మందు అన్నదమ్ములం అన్నాడు కండక్టరు. తమ్ముడు నిచ్చెన తెచ్చి మా వరండాలో బల్బు మార్చాడు. పాతది బాగానే వెలిగేది. కండక్టరు నిచ్చెన పట్టుకుని రైట్ రైట్ అన్నాడు.

జనవరి 18
దేవుణ్ణి ఇద్దరికీ ఒకటే ఇవ్వమన్నాను. ఏది అన్నది చెప్పడం మరిచాను.