నడుమ ఉబ్బిన నేల

కోరుట్ల,
ఆగస్టు 9.

చి.సౌ. స్నేహకు మీ అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము బాగున్నాం. మేమంటే నేనూ, మీ బాపూ. ఒకరు మాట్లాడితే ఇంకొకరు టీవీ సౌండు పెంచేంత బాగున్నాం. అక్కడ నువ్వూ శేఖరూ క్షేమమని తలుస్తాను.

పైన 'సౌ.' చూసి ఆగి ఉంటావు. ఇంతకుముందు రాసిన మూడు ఉత్తరాల్లో ఒట్టి 'చి.' అనే రాశాను. మరిచిపోయి కాదు. పెళ్లయిన బిడ్డకు 'సౌ.' రాయాలని నాకు తెలియదా? రాస్తే ఆ పెళ్లిని ఒప్పుకున్నట్టవుతుందని పెన్ను అక్కడే ఆపేదాన్ని. ఈసారి ఆపలేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది, కానీ నెల రోజులుగా దాని మాట నేను వినలేదు. మీ బాపు షుగరు అదుపులోనే ఉంది, నోరే లేదు. బడిలో నీకు ఐదో తరగతి ఇచ్చారంటే సంతోషం. సిరిసిల్ల నీళ్లు పడటం లేదన్నావు, కాచి చల్లార్చి తాగు. ఉత్తరాలు సరిగ్గా అందుతున్నాయా అన్నావు. రాజేశం దర్జీ పాపం జాకెట్ల సంచి అడుగున పెట్టి తెచ్చిస్తున్నాడు. నీ నంబరు నా ఫోన్లోంచి మీ బాపు తీసేసినప్పటి నుంచి మనకు ఆయనే పోస్టాఫీసు.

ఇక శేఖర్ అడగమన్నది. గీజర్ కారి హాల్లో నేల ఉబ్బిందని పోయినసారి నేను రాస్తే, బాగు చేసే పద్ధతి అంతా చెప్పి, చివర్లో "గీజర్ నీళ్లయితే గోడ పొంటి ఉబ్బాలె గని, నడుమల ఎట్ల ఉబ్బింది? అత్తమ్మను మంచిగ అడుగు" అన్నాడని రాశావు. ఆ నేల వేసినవాడే అతను, అతనికి తెలియకుండా ఉంటుందా? దానికి జవాబు చెప్తాను. ముందు పని సంగతి విను.

ఉబ్బిన చెక్క పలకల అంచులు అప్పడాల్లా లేచేసరికి మీ బాపు గ్రానైట్ మేస్త్రీని పిలిపించారు.

"గీ చెక్కలన్ని పీకి పారేద్దాం. బండలేస్తె పీడ పోతది" అన్నారు.

"ఏం పీడ?" అన్నాను.

మేస్త్రీతో బండల లెక్క మొదలుపెట్టారు. మేస్త్రీకి చాయ్ ఇచ్చి, "గీ నేల మీద చెయ్యి పడాల్నంటె ముందు నన్ను దాటాలె. పోయిరా తమ్మీ" అని పంపించేశాను. మీ బాపు ఎదుటే అన్నాను.

శేఖర్ చెప్పిన పద్ధతి నువ్వు రాసిన కాగితాన్ని హాలు గోడకు అంటించి పని మొదలుపెట్టాను. పలకను దగ్గరకు లాగే ఇనుప కొక్కెం కోసం జగిత్యాల దాకా బస్సులో పోయాను. దుకాణంవాడు "మేస్త్రీ ఎవరమ్మా?" అంటే "నేనే" అన్నాను. నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

ఉబ్బిన పలక ఎండినా దిగదట, మార్చడమేనట. అదీ నడుమ నుంచి ఊడదీయరాదు. గోడ కింది పట్టీ తీసి, అక్కడి నుంచి ఒక్కో వరస విప్పుకుంటూ నడుమకు రావాలి. మొదటి పలకకే తొందరపడి అంచు విరగ్గొట్టాను. రెండోదానికి ఒడుపు తెలిసింది. ఇట్లా నేను నేల మీద ఉండగా మీ బాపు వచ్చి నిలబడ్డారు.

"అనంత్ రావు పెండ్లాం మోకాళ్ల మీద పాకుతుందంటె నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగుర్ని పిలువుండ్రి. బీరువ జరుపనీకె మనుషులు కావాలె" అన్నాను.

ఎవరినీ పిలవలేదు. తనే వచ్చి బీరువాకు భుజం ఆనించారు.

ఏడో వరస విప్పాక ఒక పలక వెనక పెన్సిల్ రాత కనిపించింది. 'ఏడు, హాలు నడుమ' అని. శేఖర్ రాత. ఆ పలకను ఒళ్లో పెట్టుకొని ఆ రాత మళ్లీ చదివాను బిడ్డా. ఈ హాల్లో అతని చెయ్యి పడని పలక ఒక్కటీ లేదు. రెండేళ్ల కింద ఎనిమిది రోజులు ఈ మూల నుంచి ఆ మూలకు మోకాళ్ల మీద పాకి వేశాడు. అప్పుడు నాకు ఏ మైలా కనిపించలేదు. పనివాడి చెయ్యి కదా, పనికొచ్చింది. చాయ్ మాత్రం కాగితం గ్లాసులో పంపాను. తీసుకుపోయింది నువ్వే. ఆ గ్లాసు చూసి నీ మొహం మాడిపోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు శేఖర్ ప్రశ్నకు జవాబు. గీజర్ కారలేదు.

మే నెలలో పెళ్లి చేసుకొని మీరిద్దరూ వచ్చారు. మీ బాపు మేడ దిగలేదు. నేను కూర్చోమనలేదు. నువ్వే హాలు నడుమ కింద కూర్చున్నావు, నీ పక్కన శేఖర్ కూర్చున్నాడు. నడినెత్తిన ఎండలో వచ్చిన మనిషి. ఇరవై నిమిషాలు కూర్చుంటే మంచినీళ్లు కావాలా అని అడగలేదు. మీ ఆటో మలుపు తిరగగానే బకెట్లో పసుపు కలిపి, మీరు కూర్చున్న చోట నీళ్లు గుమ్మరించాను. ఒకటి కాదు, నాలుగు బకెట్లు. గ్లాసెడు నీళ్లకు రాని చెయ్యి నాలుగు బకెట్లకు వచ్చింది.

మీ బాపు సొంతూరు గంభీరావుపేటలో మా అత్తగారు ఇట్లాగే కడిగించేది. శేఖర్ తండ్రి రాజలింగం కూలి గింజలకు వచ్చి గడప లోపల అడుగు పెట్టినా, ఆయన పోయాక కడిగించేది. అక్కడివి బండలు. ఎన్ని నీళ్లు పోసినా ఏమీ కాలేదు, ఎవరికీ తెలియలేదు. ఈ నేల మాత్రం ఊరుకోలేదు. సరిగ్గా మీరిద్దరూ కూర్చున్నంత మేర ఉబ్బి, నేను చేసింది నాకే చూపించింది. "తడిబట్టతోని తుడువుండ్రి గని నీళ్లు మాత్రం పోయకుండ్రమ్మా" అని నేల వేసిన రోజే శేఖర్ చెప్పిపోయాడు కూడా.

మీ బాపు చేయించారనుకోకు. ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను. ఇంట్లో పనిచేసే పోచమ్మ ఉన్నా ఆమెతో కడిగించలేదు, చెప్పడానికి నోరు రాలేదు. అంటే తప్పని నాకు అప్పుడే తెలుసు. కాబట్టి తెలియక చేశానని రాయను. ఇదంతా శేఖర్‌కు చదివి వినిపించు, ఒక్క ముక్క దాటవేయకు. కోపం వస్తే రానీ. రావాలి కూడా.

నేల మొన్న పూర్తయింది. శేఖర్ అప్పుడు మెట్ల కింద దాచి పెట్టిన పెట్టెలోంచి తొమ్మిది పలకలు పట్టాయి. గోడ దగ్గర వేలు పట్టేంత సందు వదలమన్నాడు కదా, వదిలాను. కొత్త పలకల రంగు ముదురు, పాతవి వెలిశాయి. హాలు నడుమ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీ బాపు తివాచీ తెచ్చారు.

"కప్పనియ్య. ఎవరన్న అడిగితె గీజరని చెప్ప, అయ్యింది చెప్త" అన్నాను.

"నీకు పిచ్చి లేసింది" అని మేడెక్కారు. తివాచీ చుట్టినది చుట్టినట్టే మెట్ల కింద ఉంది.

ఈ ఉత్తరం రాజేశం సంచిలో రాదు. కవరు వెనక మన ఇంటి చిరునామా రాసి పోస్టులో వేస్తున్నాను. జవాబు కూడా ఇంటికే రాయి, మీ ఇద్దరి పేర్లతో. మీ బాపు చేతికే అందితే ఇంకా మంచిది.

శేఖర్ రానంటే బలవంతం చేయకు. అప్పుడు నేనే సిరిసిల్ల బస్సెక్కుతాను. మీ ఇంట్లో కింద కూర్చుంటాను. నేను లేచి పోయాక ఆ చోటు కడుక్కున్నా సరే, నాకు అడిగే హక్కు లేదు.

వస్తానంటే మాత్రం వచ్చే ఆదివారం రండి. పగటిపూట, ముందు వాకిలి నుంచే. ఆ తొమ్మిది పలకల మీదే కూర్చుందాం. ఈసారి నీళ్లు నేనే తెస్తాను, మేము తాగే గ్లాసులో.

ఇట్లు
నీ అమ్మ,
శేఖర్‌కు అత్తమ్మ,
కౌసల్య