పసుపు తేలిన బోరింగ్

ఆగస్టు 3, 1994. సూర్యాపేట

ఇవాళ క్లాసులో ఒక్క మాట నిషేధించాను — గాఢత. అంతే, ఎవరికీ నోరు పెగల్లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఫైనలియర్ పిల్లలు వీళ్ళు. పరీక్షలో అడిగితే పేజీలు నింపేస్తారు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏమవుతుందో ఇంట్లో వాళ్ళకు చెప్పినట్టు చెప్పండర్రా అంటే శంకర్ లేచి గొంతు సవరించుకున్నాడు. ‘‘భూగర్భ జలములందు...’’

జలములందట. మాడుగులపల్లి రైతు కొడుకు. ‘‘మీ అమ్మతో కూడా ఇట్లాగే మాట్లాడతావా?’’ అన్నాను. క్లాసంతా నవ్వు, వాడితో సహా. మంచివాడే. వక్తృత్వపు పోటీల్లో ఇచ్చిన కప్పులు చెడగొట్టాయి వాడిని.

ఈ ఏడు వీళ్ళను ఊళ్ళోకి తీసుకెళ్ళి జనంతో మాట్లాడించాలి. సిలబస్‌లో లేదు. ప్రిన్సిపాల్ గారికి పెద్ద ఇష్టమూ లేదు. నా పట్టుదల అంతే.

ఆగస్టు 8

జమున మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. ‘‘చెయ్యి తియ్యి, వినపడట్లేదు’’ అని కసిరాను. తీసింది. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. పెన్‌పహాడ్ దగ్గరి తండా పిల్ల... ఆ నీళ్ళు తాగే పెరిగింది. పొద్దున్నుంచీ ఫ్లోరైడ్, ఫ్లోరైడ్ అని అరుస్తున్న నాకు ఆ చెయ్యి ఎందుకో తట్టలేదు.

మళ్ళీ ఆ మాట ఎత్తను. అడ్డం పెట్టుకునే మాట్లాడనీ.

ఆగస్టు 13. కోదాడ

ముగ్గురిని వెంటేసుకుని అమ్మ దగ్గరికి వచ్చాను — శంకర్, జమున, ఇక్కడి పిల్లే రజియా. అమ్మను, పక్కింటి వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి ‘‘వీళ్ళే మీ జనం, కానివ్వండి’’ అన్నాను.

శంకర్ ఈసారి జలములు మానేశాడు. భూమి పొరల నుంచి మొదలుపెట్టి ఎముకల దాకా వచ్చాడు. అమ్మ ఓపిగ్గా అంతా విన్నది. ‘‘బాగా చెప్పావు నాయనా. ఇంతకీ నన్నేం చెయ్యమంటావు?’’

వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. రజియా అందుకుంది — ‘‘ఈ నీళ్ళు తాగొద్దు పెద్దమ్మా, ఆ నీళ్ళు తాగండి. అంతే.’’

‘‘ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, ఉప్మా చల్లారిపోయింది’’ అంది అమ్మ.

బస్సులో వస్తూ నిర్ణయించాం. ఇక నుంచి మొదటి వాక్యంలోనే ఏం చేయాలో చెప్పేయాలి. ఎందుకో తరువాత. చాలా తెలివైన వాళ్ళమనిపించింది ఆ క్షణాన.

ఆగస్టు 20. మిర్యాలగూడ

బస్టాండులో సాధన. ఎండ, జనం, పైనుంచి రైసు మిల్లుల ఊక బూడిద. కళ్ళు నలుపుకుంటూనే మాట్లాడారు పాపం. నా షరతు ఒకటే: వింటున్న వాళ్ళ బస్సు వచ్చేలోపు ముగించాలి.

శంకర్ మంచి ఊపులో ఉండగా గరిడేపల్లి బస్సు వచ్చింది. విన్నవాళ్ళంతా లేచి ఎక్కేశారు. వీడు ఆగాడా... కిటికీ పక్కన పరుగెత్తుతూ ముగింపు చెప్పాడు. లోపలి నుంచి ఒక ముసలాయన — ‘‘సరె బిడ్డా, మిగిలింది రేపు జెప్పు.’’

ఇక్కడి బ్యాంకులో పనిచేసే మా ఆయన టీ తాగడానికని వచ్చి ఇదంతా చూశాడట. ఇంటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. ‘‘పళ్ళపొడి గిట్ల అమ్మిస్తున్నవా ఏంది పోరగాండ్లతోని?’’

అమ్మిస్తాను. అవసరమైతే అదీ చేయిస్తాను.

ఆగస్టు 27

ఈ రోజు జమున వాళ్ళ తండా. ఎంత బాగా జరిగిందో.

తండాకు రెండు బోరింగులు. బడి దగ్గరిది ఫ్లోరైడ్ నీళ్ళు. రోడ్డు పక్కది మంచి నీళ్ళు. జనం ఎక్కువగా కొట్టుకునేది బడి దగ్గరిదే, ఇళ్ళకు దగ్గర కదా. రెండు గాజు గొట్టాల్లో రెండు నీళ్ళు పోసి, సీసాలోంచి ఫ్లోరైడ్ పరీక్ష మందు చుక్కలు వేశాం. రోడ్డు నీళ్ళు ఎర్రగా నిలబడ్డాయి. బడి నీళ్ళు పసుపుపచ్చగా మారాయి. చూస్తున్న వాళ్ళ నోట ‘ఆఁ’ అని ఒకటే గొంతు. శంకర్ ముందే చెప్పాడు, మొదటి వాక్యంలోనే — ‘‘రంగు మారిన నీళ్ళు తాగొద్దు.’’ శుభ్రంగా, వాళ్ళమ్మతో చెప్పినట్టు. కడుపు నిండిపోయింది నాకు.

జమున మాత్రం వెనకే. గొట్టాలు కడుగుతూ కూర్చుంది. ‘‘మా తండల నేను మాట్లాడ మేడం. నవ్వుతరు.’’

వాళ్ళక్క సక్కుబాయి తొలిచూలు, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పొట్టతోనే అందరికీ మజ్జిగ తెచ్చింది. ఆ బిడ్డ పళ్ళయినా తెల్లగా రావాలని నేను అనుకోవడం, జమున నా ముఖం చూసి అదే అనుకోవడం — రెండూ ఒక్కసారే.

ఆగస్టు 28

లేస్తూనే నవ్వు వస్తోంది. ఊరికే.

సెప్టెంబర్ 5

ప్రిన్సిపాల్ గారు నలుగురి ముందు మెచ్చుకున్నారు. ‘‘వచ్చే ఏడు కూడా తిరగండమ్మా ఊర్లు.’’ ఉబ్బిపోయాను. దాచుకోవడం కూడా చేతకాలేదు.

సెప్టెంబర్ 17

ఏడవాలో నవ్వాలో తెలియదు.

తండా ఎట్లా ఉందో చూద్దామని వెళ్ళాం, నేనూ పిల్లలూ. రోడ్డు బోరింగ్ గద్దె మీద కుక్క పడుకుని ఉంది. ఎవరూ లేరు. బడి బోరింగ్ దగ్గర బిందెల వరుస, వెనకటి కంటే పొడుగు. బోరింగ్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది.

దండ.

తండా నాయక్ వాళ్ళమ్మ సోనమ్మ ఎంతో ఆదరంగా ఎదురొచ్చింది. ‘‘మీరు సూపిచ్చినంకనే ఎరుకైంది బిడ్డా. ఈ నీళ్ళల్ల పసుపు తేలింది. ఆ రోడ్డుదైతే రక్తం లెక్క ఎర్రగ... గవ్వి ఎట్ల తాగినమో ఇన్నొద్దులు.’’

శంకర్ అడ్డుపడ్డాడు. ‘‘రంగు మారింది వద్దన్న గదవ్వా?’’

‘‘తెల్లటి నీళ్ళు ఎర్రగ మారలేదా మరి?’’

నిజమే. రెండూ మారాయి. మా కళ్ళకు ఎరుపు మారనట్టు, పసుపు మారినట్టు. వాళ్ళ కళ్ళకు ఒకటి రక్తం, ఒకటి పసుపు. పసుపు ఎక్కడైనా చెడ్డదవుతుందా? ఏ ఇంట్లో?

అక్కడికక్కడే తిప్పి చెప్పాను. ఎర్రదే మంచిది, ఇది వద్దు అని. సోనమ్మ నెమ్మదిగానే అంది, కోపం లేదు. ‘‘ఆ పొద్దు ఒకటంటిరి, ఈ పొద్దు ఒకటంటున్రు. ముందు మీరు ఖాయం జేస్కొని రాన్రి బిడ్డా.’’

సక్కుబాయి అదే వరుసలో ఉంది. నడుం మీద చెయ్యి, ముందు బిందె. మా మాట విన్న రోజు నుంచి ఈ నీళ్ళే.

సెప్టెంబర్ 18

మా ఆయనకు చెప్పాను. దండ దగ్గరికి వచ్చేసరికి పడీ పడీ నవ్వాడు. తరువాత ఆగి, ‘‘ఆ పిల్లకు నెలలు నిండుతున్నయి గద?’’ అన్నాడు.

సెప్టెంబర్ 19

క్లాసులో శంకర్ చెయ్యెత్తాడు. ‘‘మేడం, మళ్లోసారి పోయి ఇంకా వివరంగ...’’ వాడికి తెలిసిన వైద్యం అదొక్కటే. కూర్చోమన్నాను.

ఎంతసేపూ మాట్లాడటం నేర్పాను వీళ్ళకు. అడగడం నేర్పలేదు. నీళ్ళు పసుపుపచ్చగా అయితే మీకేమనిపిస్తుంది అని ఒక్క మనిషిని ముందు అడిగి ఉంటే...

జమున అడిగి వచ్చింది. నాకు చెప్పకుండానే నిన్నంతా అక్క దగ్గర ఉంది. ‘‘మేడం, సీసకు నల్ల కాగితం సుట్టినం గద. లోపట మందే ఎర్రగుంటదని అక్కకు ఎరుకనే లేదు. నీళ్ళే ఎర్రగైనయనుకుంది. తండ మొత్తం అట్లనే అనుకుంటున్నరు.’’

వెలుతురు తగిలితే మందు చెడుతుందని ఆ కాగితం చుట్టింది నేనే.

‘‘ముందుగాల మందు సూపిద్దాం మేడం. ఎర్ర మందు. మంచి నీళ్ళల్ల పోస్తే ఎరుపు అట్లనే ఉంటది. బడి నీళ్ళల్ల పోస్తే ఆ నీళ్ళు ఎరుపును తింటయ్. రంగును తినే నీళ్ళు పంటిని తినయా, అంటం.’’

కెమిస్ట్రీ కూడా అదే. ఇన్నేళ్ళుగా ఆ ప్రయోగం చేయిస్తున్నాను, ఒక్కసారి కూడా ‘తినడం’ అనే మాట రాలేదు నాకు. పంటి సంగతి అచ్చంగా అట్లా కాదు, నిజమే... ‘‘తింటయ్ అనకు, పాడు చేస్తయ్ అను’’ అన్నాను. సరేనంది. ‘‘మరి ఎవరు చెప్తారు?’’ అని అడిగాను.

‘‘మా అక్క వేరేటోల్ల మాట ఇనదు ఇగ. నేనే జెప్త. నవ్వుతే నవ్వుతరు.’’

సెప్టెంబర్ 21

ల్యాబులో సాధన. జమున లంబాడీలో చెప్పింది. మాలో ఒక్కరికీ ఒక్క ముక్క రాదు. అయినా రజియా ఎర్ర మందు అని, శంకర్ నీళ్ళు తిన్నాయి అని వరుసగా అర్థం చెప్పుకుంటూ పోయారు. భాష రాని వాళ్ళకు తెలిసిందంటే ఇక భయం లేదు. శంకర్ చప్పట్లు కొట్టాడు. కప్పులు గెలిచినవాడు వేరొకరికి చప్పట్లు కొట్టడం... వీడిని ఇవాళ ముద్దు పెట్టుకోవాలనిపించింది.

సెప్టెంబర్ 24

సంతోషం పట్టలేకుండా ఉన్నాను.

తండా మొత్తం రాలేదు. ఎందుకొస్తారు, ఒకసారి విన్నారుగా. సోనమ్మ, కొందరు ఆడవాళ్ళు, సక్కుబాయి. జమున ముందు సీసా కాగితం విప్పి అందరి చేతికీ ఇచ్చింది — చూడండి, మూత తీయకండి. తరువాత అడిగింది: ఇది ఏ రంగు? అందరూ చెప్పారు. మీ బిందెలోంచి మీరే పోయండి అంది. మేము నీళ్ళు ముట్టుకోలేదు.

ఎరుపు పోతుంటే అంతా ముందుకు వంగారు. పిల్ల లంబాడీలో గలగలా చెబుతోంది, ఒక చేతిలో గొట్టం, ఒక చేతిలో సీసా. నోటికి అడ్డం పెట్టడానికి చెయ్యేదీ మిగల్లేదు. చారల పళ్ళు ఎండలో కనబడుతున్నాయి. వాళ్ళలో సగం మందివీ అట్లాంటి పళ్ళే. ఎవరూ నవ్వలేదు.

సోనమ్మ తెలుగులో అడిగింది, నేనూ వినాలనేమో. ‘‘మరి ఈ నీళ్ళే పొలానికి పారుతున్నయ్. వడ్లల్లకు రాదా?’’

జమున నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నాకూ తెలియదు.

‘‘తెల్వదవ్వా. మేడంకు గూడ తెల్వదు. అడిగి చెప్తం.’’

సోనమ్మ తలాడించింది. ‘‘తెల్వంది తెల్వదంటున్నరు. అయితే తెల్సిందన్న మాట నమ్మొచ్చు.’’ బోరింగ్ దగ్గరికి పోయి దండ తీసేసింది. బొట్లు ఉండనిచ్చింది. పెట్టినవి తుడవకూడదట.

తిరుగు బస్సులో పిల్లలు పాటలు. నేనూ పాడాను. డ్రైవర్ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

సెప్టెంబర్ 26

జమున పొద్దుటి బస్సుకు వచ్చింది. ‘‘అక్క తాగేది రోడ్డు బోరింగ్ నీళ్ళే మేడం. తండల శానమంది గవ్వే.’’ నేను కుర్చీలోంచి లేచేశాను. ‘‘గని...’’

‘‘గని ఏమిటి?’’

‘‘పప్పుకు మాత్రం బడి నీళ్ళే పోస్తరు. రోడ్డు నీళ్ళల్ల పప్పు ఉడకదంట. అక్క దినాం పప్పే తింటుంది, కాన్పు దగ్గరికొచ్చింది గద.’’

మరిగించినా ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, గిన్నెలోనే ఉంటుంది. రోడ్డువి కఠినజలం అని నాకు తెలుసు. అందులో పప్పు ఉడకదనీ తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించలేదు.

‘‘పప్పు మానెయ్యమని చెప్పనా?’’ అంది. వద్దన్నాను. ఏమీ చెప్పొద్దు. రోడ్డు బోరింగ్ నీళ్ళు ఒక క్యాన్ నిండా తెచ్చిపెట్టు. అక్క ఎట్లా వండుతుందో అడిగి రా.

సెప్టెంబర్ 28

క్యాన్ వచ్చింది, జమునా వచ్చింది. సక్కుబాయికి కుక్కర్ లేదు, కాబట్టి నేనూ గిన్నెలోనే. పొద్దున వండిన పప్పు పలుకు పలుకుగా ఉండిపోయింది. నానితే ఉడుకుతుందేమోనని మధ్యాహ్నం నుంచి ఇంకో డబ్బాడు పప్పు ఆ రోడ్డు నీళ్ళల్లోనే నానబెట్టి, సాయంత్రం మళ్ళీ ఎక్కించాను.

మా ఆయన మిర్యాలగూడ బస్సు దిగి వచ్చి వంటింట్లోకి తొంగిచూశాడు. ‘‘ఇయ్యాలన్నా తింటమా, లేక ప్రయోగమేనా?’’ పీట వేసుకుని మా పక్కనే కూర్చున్నాడు, కదలడు.

నీళ్ళు మరుగుతున్నాయి. జమున గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నలిపింది. నాకు చూపించింది. అంచు మెత్తబడింది. నడుమ ఇంకా గట్టి.

‘‘అయితదా మేడం?’’

తెలియదు. మూత పెట్టమన్నాను.