పుంగనూరు కంప్యూటర్‌లో పెండ్లిండ్లు

మదనపల్లె

లక్ష్మక్కకు,

నీ చెల్లెలు రెడ్డెమ్మ మొక్కి రాస్తాండాను. నేనీడ బాగానే ఉండాను. ఆడ నువ్వు, బావ, పిలకాయలు, మీ అత్తమ్మ బాగుండారని తలుస్తాండాను. రామకుప్పం దిక్కు మళ్లా ఏనుగులు దిగినాయంట గదా, బావను ఒంటిగా రాగిచేనికాడికి పోనీయొద్దు.

ఫోన్లో నువ్వెంత అడిగినా నాకు "ఊ" తప్ప మాట రాదు. కోపం కాదక్కా. అందుకే రాస్తాండా.

ఈడ పొద్దున్నే సల్లగా ఉంటాది. గదికాడికే నీళ్లొస్తాయి. వండుకుంటాండా, తింటాండా. కూరలో ఉప్పేసినానో లేదో తిన్నాక కూడా తెలీదు. బాగానే ఉండాను.

మా ఆయన పోయినాక పుంగనూరులో ఫోటో స్టూడియో మూసేస్తిమి గదా. ఆయనతో కలిసి పని నేర్చుకున్న ఖాదరన్న ఆ కంప్యూటర్‌ను ఈడ తన స్టూడియోకి తెచ్చి, నన్నూ పనిలో పెట్టుకున్నాడు. మా ఆయన తీసిన పెండ్లిండ్లన్నీ దాంట్లోనే ఉండాయి, యాడుండాయో దేవునికే తెలియాల. "న్యూ ఫోల్డర్", "అర్జెంట్", "మళ్లా సూడాల" అని పేర్లు. ఒగ పెండ్లి నాలుగు చోట్ల. పైగా డిస్కు లోపల టక్కుటక్కుమంటాంది.

"ఇది శానా దినాలు బతకదు చెల్లెమ్మా, ముందు అంతా ఇంకోదాంట్లోకి కాపీ చేసుకో" అనినాడు ఖాదరన్న.

కాపీ అయినాక పొద్దస్తమానం సర్దడమే పని. ఊరికొగ ఫోల్డర్, దాంట్లో సంవత్సరం, దాంట్లో పెండ్లికూతురు పెండ్లికొడుకు పేర్లు. అక్షింతలేస్తాంటారు, నవ్వుతాంటారు. ఏ మొగమూ నా కంటికి ఆనదు. ఊరు సూసి ఎత్తి దాంట్లో పెడతా.

పోయిన వారం బైరెడ్డిపల్లె నుంచి ఒగామె వచ్చింది. వాళ్లమ్మ సచ్చిపోయింది, గోడకు పెట్టుకునేదానికి మంచి ఫోటో లేదంట. ముందొగసారి వస్తే దొరకలేదని పంపించేస్తి. ఈసారి బైరెడ్డిపల్లె ఫోల్డర్ తెరిస్తే ఆమె పెండ్లి కండ్లముందరే ఉండాది. పెద్దామె యాడుందో సూద్దామని వీడియో పెడితే, కెమెరా వెనకనుంచి మా ఆయన గొంతు.

"పెద్దమ్మా, ఒగడుగు ముందుకు రా. ఆ, అట్లే ఉండు. కొంచెం నవ్వు."

ఆమె వాళ్లమ్మను సూసి ఏడ్సింది. నేను అట్లే కూసోనుండా.

"యాలమ్మా, అట్లయిపోతివి?" అనింది.

"ఏం లేదమ్మా. పెన్ డ్రైవ్ తెచ్చినావా?" అంటి.

ఖాదరన్నకు చెప్తే, "అన్ని వీడియోల్లోనూ వాడి గొంతుంటాది, ఒగచోట తీసిపెట్టుకో" అనినాడు. తీసిపెట్టినా. ఫోల్డర్‌కు పేరేమని కంప్యూటర్ అడుగుతాది. బతికుండంగా ఒగనాడన్నా ఆయన పేరు నా నోట పలకలేదు గదా. "ఆయన" అని కొట్టినా.

అంతా ఒగే తావున ఉంటే ఒగేసారి పోతాదంట, ఇంకో కాపీ వేరే ఊర్లో ఉండాలంట. ఖాదరన్న అల్లుడు కుప్పం పోతాంటే చిన్న డిస్కు ఇచ్చి పంపినా. ఆడ చదువుకునే మీ పెద్దోడి చేతికిస్తాడు. బీరువాలో పెట్టు, తడి తగలనీయొద్దు. పెట్టేముందు వాని లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ తెరిపించి విను. ఆయన గొంతు ఎట్లుండాదో నాకు రాయి. నాకు మాటలైతే వినబడతాండాయి, అంతే. గొంతు ఆ కూరలో ఉప్పు మాదిరే, తెలీదు.

మీ అత్తమ్మకు, బావకు నా దండాలు. పిలకాయలను అడిగినానని చెప్పు. నన్ను దీవించక్కా.

నీ చెల్లెలు,
రెడ్డెమ్మ