పేర్ల పక్కన రెండు అక్షరాలు

ఆదివారం. కర్ఫ్యూ పెట్టి మూడో వారం.

మా వీధి చివర వెదురు కంచె దగ్గర కాపలా కాసే, బర్మా మర్యాదకి మేము 'కో' అని పిలిచే డానియల్ మధ్యాహ్నం డంకన్ దొర సంచి వెతికి ఒక కాగితం పట్టుకున్నాడు. దొరది స్కాట్లాండు. తను పనిచేసిన బియ్యం మిల్లు మూతపడినా రంగూన్‌లో మా అహ్లోన్ పేట వదలకుండా, మా అందరి మీదా నవ్వులాట పాటలు కడుతూ ముసలివాడైపోయాడు.

"మన పేర్లన్నీ రాసీసేడు అక్కా. ప్రతి పేరు పక్కనా ఏ, టీ అని ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఇది మిలిట్రీకిచ్చే లిస్టే" అన్నాడు.

నాకూ దొర మీద అనుమానమే. కాగితం తీసుకుని పైకి చదివాను.

"అప్పమ్మ ఏటి వండింది? సింహాచలం ఏటి తాగీసేడు?"

రేవు కూలీల దగ్గర నేర్చిన తెలుగుని చెవికి వినబడినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, 'ఏటి' అన్నదాన్ని ఏ, టీ అని. కంచె దగ్గర చేరినవాళ్ళందరూ నవ్వారు.

చివరి చరణం మాత్రం నేను పైకి చదవలేదు. "రూతమ్మ ఏటి దాసింది? హార్మోనియం పెట్టెలో కరపత్రాలు."

రూతమ్మని నేనే. మిలిట్రీకి వ్యతిరేకంగా వేసిన ఆ కరపత్రాల సంగతి మా ఆడపడుచు ఎస్తేరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంటికి రాగానే కాగితం పొయ్యిలో వేశాను.

ఇప్పుడు పక్క గదిలో ఎస్తేరు ఆ పాటే పాడుకుంటోంది, చివరి చరణంతో సహా.